ఆ కేక ఆటలోది కాదు సామీ

ఈ పదిహేను రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత పాత పాటల గ్రూపులో, ఆఖరికి నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పుకోడానికి పెట్టుకున్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా. పైన “మోర్టల్ కాంబాట్ ఆల్బమ్: అసలు గుట్టు” అని లావు అక్షరాలు, కింద ఆరు పాయింట్లు, చివర “నిజం తెలుసుకోండి, పదిమందికి పంపండి”. పదిమందికి పంపే పని అందరూ చేశారు. తెలుసుకునే పని నా నెత్తిన పడింది. మా బ్యాచ్‌లో ఆ క్యాసెట్టును చేత్తో పట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే మరి.

తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్తాను. మోర్టల్ కాంబాట్ అమెరికాలో మిడ్‌వే కంపెనీ 1992లో తెచ్చిన కొట్లాట వీడియో గేమ్. దాని మీద 1995 ఆగస్టులో సినిమా వచ్చింది, పాల్ డబ్ల్యూ. ఎస్. ఆండర్సన్ తీశాడు. సినిమాతోపాటే పాటల ఆల్బమ్ కూడా వచ్చింది. ఆ ఆల్బమ్ అంతా మోసమని మెసేజ్ గోల. ఆటలో మ్యూజిక్‌ను ఎత్తి క్యాసెట్ చేశారట. ‘మోర్టల్ కాంబాట్!’ అనే కేక ఆటలోదట, ఆ కేక ఉన్న పాటను సినిమా కోసం చేయించారట. సంగీతం ఫంక్ అనే ఊపు సంగీతానికి మహారాజు జార్జ్ క్లింటన్‌దట. సినిమా ఆడింది కాబట్టి, పెద్ద కంపెనీ డబ్బు పోసింది కాబట్టి అమ్ముడైందట. సినిమాకు సంబంధం లేని పాటలతో క్యాసెట్ నింపారట. ఆరోది అన్నిటికంటే ఘనం: గేమ్ సంగీతం అసలు సంగీతమే కాదు, అన్నమయ్య పుట్టిన తిరుపతిలో దాని ఊసెత్తడమే సిగ్గట.

నాకెందుకింత పట్టింపు అంటారా? మా మేనమామకు తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఆరడుగుల కొట్టు. రెండు డబుల్ డెక్కులు, గోడ నిండా క్యాసెట్లు, కౌంటరు మీద ఒక రూళ్ల నోటుబుక్కు. జనం ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ తెచ్చిస్తే మర్నాటికి ఎక్కించి ఇచ్చేవాళ్లం. మామ నెలకోసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు పోయి బర్మా బజారు నుంచి ఇంగ్లీషు క్యాసెట్లు తెచ్చేవాడు. (ఇలా ఎక్కించి అమ్మడం తప్పని అప్పుడు మాకెవరికీ తోచలేదు. తోచినా మామ ఆపేరకం కాదు.) 1996లో తెచ్చిన మూటలో ఈ ఆల్బమ్ ఒకటి, అట్ట మీద డ్రాగన్ బొమ్మ. నేనప్పుడు పదో తరగతి, సాయంత్రాలు కొట్లోనే.

ఇక పాయింట్లు.

“ఆటలో వచ్చే మ్యూజిక్‌నే ఎత్తి క్యాసెట్‌లో పోశారు.”

ఆటకు సంగీతం చేసిన మనిషి డాన్ ఫోర్డెన్. ఆల్బమ్ పాటల పట్టిక తీసి ఆయన ట్యూన్ ఒక్కటి చూపించండి, నేను కొండకు నడిచొస్తా. అందులో ఉన్నవాళ్లు వేరే. కెఎంఎఫ్‌డిఎమ్, గ్రావిటీ కిల్స్, ఫియర్ ఫ్యాక్టరీ, టైప్ ఓ నెగటివ్, ఆర్బిటల్, యూటా సెయింట్స్, బ్లాక్ సబ్బాత్ బేస్ గిటారిస్టు గీజర్ బట్లర్ కట్టుకున్న కొత్త బ్యాండు. వీటి మధ్య సినిమా నేపథ్య సంగీతం నుంచి కొన్ని ముక్కలు. ఆటతో ఏ సంబంధమూ లేకుండా తమ పాటలు తాము చేసుకుంటున్న బ్యాండ్లే ఎక్కువ.

ఎత్తాలన్నా అంత సులువు కాదు. ఆటలో సంగీతం గుండ్రంగా తిరుగుతుంది. ఆడేవాడు పది సెకన్లలో చస్తాడో, నిమిషంన్నర నిలబడతాడో సంగీతం కట్టేవాడికి తెలియదు. అందుకని ఎక్కడ ఆగినా బాగుండేట్టు, ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాకుండా కడతాడు. సినిమాలో అట్లా కాదు. గుద్దు ఏ సెకనులో పడుతుందో ఎడిటింగులో తేలిపోయి ఉంటుంది. సంగీతం ఆ గుద్దుకు ముందు ఊపిరి బిగబట్టాలి, తర్వాత వదలాలి. ఆట ట్యూన్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి సినిమా ఫైటు కింద పెడితే, పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు పెళ్లికొడుకు దిగిపోయాక కూడా వాయిస్తున్నట్టుంటుంది.

సరే, ఆట సంగీతాన్ని తెచ్చి వాడిన సినిమాలు లేవా అంటే ఉన్నాయి. 2006లో సైలెంట్ హిల్ సినిమాకు ఆ ఆటల సంగీతకారుడు అకిరా యమావోకా సంగీతాన్నే తెచ్చి వాడుకున్నారు, జెఫ్ డానా దాన్ని సినిమాకు తగ్గట్టు కుదిర్చాడు. ఆ ఆట అభిమానులు దానికి మురిసిపోయారు కూడా. దీనికి నేరుగా ఎదురు, 2001లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ సినిమా. ఆ ఆటల సంగీతం అంటే నోబువో ఉయెమాట్సు పేరే చెప్తారు, అయినా సినిమాకు ఆయన్ను పెట్టుకోకుండా ఎలియట్ గోల్డెంతాల్ చేత చేయించారు. అంటే ఎత్తడమూ ఉంది, అసలు ముట్టుకోకపోవడమూ ఉంది. మెసేజ్ రాసినాయన ఎత్తారన్న నింద మోపడానికి ఎంచుకున్న సినిమా మాత్రం తప్పు.

“ఆ ‘మోర్టల్ కాంబాట్!’ అనే కేక ఆటలోదే. పాటను సినిమా కోసం చేశారు.”

రెండు ముక్కలూ తప్పే. నన్నడిగితే మొత్తం మెసేజ్‌లో పనికొచ్చే తప్పు ఇదొక్కటే, ఎందుకంటే దీని వెనకున్న కథ బాగుంటుంది.

మా కొట్టుకు వచ్చేవాళ్లలో ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు ఎక్కువ. వాళ్లెవరికీ ఈ పాట పేరు తెలియదు. ఒకడొచ్చి, “అన్నా, అరిచే పాట ఉండాదా?” అన్నాడు మామతో.

“అరిచేవి శానా ఉండాయి. ఎట్ల అరుస్తాడు?”

ఆ అబ్బాయి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ, “మోర్టల్ కాంబా...ట్” అన్నాడు. పక్కన పూల అంగడి ఆమె తల తిప్పి చూసింది. అప్పట్నుంచి నోటుబుక్కులో ఆ పాట పేరు ‘కేక’. “అరవై నిమిషాల క్యాసెట్, మొదటి పాట కేక, మిగిలినవి మీ ఇష్టం” అని చీటీలు వచ్చేవి.

ఆ కేక ఎక్కడ పుట్టిందో తెలుసా? టీవీ యాడ్‌లో. మిషన్లలో ఆడే ఆటను ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడుకునేట్టు 1993 సెప్టెంబర్ 13న అమెరికాలో విడుదల చేశారు. సోమవారం కాబట్టి దానికి ‘మోర్టల్ మండే’ అని పేరు పెట్టి ఊదరగొట్టారు. ఆ యాడ్‌లో ఒక కుర్రాడు వీధిలో నిలబడి ఆట పేరును గొంతు చించుకుని అరుస్తాడు, పిల్లలంతా పరుగెత్తుకొస్తారు. కేక అదే. గేమ్ మిషన్‌లో అది లేదు.

దాన్ని తీసుకుని పాట కట్టింది బెల్జియం వాళ్లు ఇద్దరు, ప్రాగా ఖాన్, ఒలివియర్ ఆడమ్స్. లార్డ్స్ ఆఫ్ యాసిడ్ అనే బ్యాండువాళ్లే. ఈ పనికి మాత్రం ‘ది ఇమ్మోర్టల్స్’ అని పేరు పెట్టుకున్నారు. పాట పేరు టెక్నో సిండ్రోమ్. ఆట ఇళ్లలోకి వచ్చిన ఊపులో, ఆటలోని ఒక్కో పాత్రకు ఒక్కో పాట చొప్పున వాళ్లు ఒక ఆల్బమ్ వేశారు. అది వచ్చింది 1994లో, అంటే సినిమా థియేటర్లలోకి రావడానికి ముందే.

తేదీలు నమ్మరా? పాట వినండి చాలు. మధ్యలో ఒక గొంతు వరసగా పేర్లు పిలుస్తుంది: కానో, ల్యూ కాంగ్, రైడెన్, జానీ కేజ్, స్కార్పియన్, సబ్‌జీరో, సోన్యా. ఏడు పేర్లు. 1992 నాటి మొదటి ఆటలో మనం ఎంచుకుని ఆడగలిగే పాత్రలు సరిగ్గా ఆ ఏడే. సినిమాలో హీరోకు దారి చూపించే రాకుమారి కిటానా పేరు అందులో లేదు, ఎందుకంటే ఆమె రెండో ఆటలో గానీ రాలేదు. సినిమా విలన్ షాంగ్ సుంగ్ పేరూ లేదు. సినిమా కోసం చేయించిన పాటైతే సినిమా విలన్ పేరు వదిలేస్తారా? మన సినిమాల్లో హీరో బిరుదు లేకుండా టైటిల్ సాంగ్ రాయమన్నట్టుంటుంది. ఇంకో సంగతి. పాటలో “టెస్ట్ యువర్ మైట్” అని పదే పదే వినపడుతుంది. అది ఆటలో చేత్తో చెక్కలూ రాళ్లూ పగలగొట్టే బోనస్ రౌండు పేరు. చెక్క, రాయి, ఉక్కు, కెంపు, ఆఖరికి వజ్రం. మీట నొక్కీ నొక్కీ వేళ్లు వాచిపోయేవి. మాలో ఎవడూ కెంపు దాటి పోయిన పాపాన పోలేదు.

అంటే ఆట నుంచి యాడ్ వచ్చింది, యాడ్‌లో కేకను పట్టుకుని పాట వచ్చింది, ఆ పాటను సినిమా తీసుకుంది. సినిమా ఆ కేకతోనే మొదలవుతుంది.

“సంగీతం ఇచ్చింది ఫంక్ మహారాజు జార్జ్ క్లింటన్.”

కాదు. ఈ సినిమాకు చేసింది జార్జ్ ఎస్. క్లింటన్. మధ్యలో ఆ ‘ఎస్’ చాలా ముఖ్యం. ఈయన సినిమా సంగీత దర్శకుడు, ఆస్టిన్ పవర్స్ సినిమాలకు చేసినాయన. రంగురంగుల జడలు వేసుకుని పార్లమెంట్, ఫంకడెలిక్ బ్యాండ్లను నడిపిన జార్జ్ క్లింటన్ వేరే మనిషి. తమాషా ఏమిటంటే ఆ ఫంక్ క్లింటన్ కూడా ఒక గేమ్ సినిమా ఆల్బమ్‌లో పాడాడు, కాకపోతే అది 1993 నాటి సూపర్ మారియో బ్రదర్స్. ఇద్దరు క్లింటన్లు, రెండు గేమ్ సినిమాలు, అదీ రెండేళ్ల తేడాలో. పొరబాటు పడటం సహజమే. ‘అసలు గుట్టు’ అని హెడ్డింగు పెట్టి పొరబాటు పడటం మాత్రం కాస్త ఎక్కువ.

చెప్పొచ్చిన మాట, ఎస్. క్లింటన్ తన సంగీతంలో గిటారు వాయించడానికి బకెట్‌హెడ్‌ను పిలిచాడు. తల మీద వేయించిన చికెన్ బకెట్టు, ముఖానికి తెల్ల మాస్కు పెట్టుకుని వాయిస్తాడే, ఆయన.

“సినిమా ఆడింది కాబట్టి, పెద్ద కంపెనీ డబ్బు పోసింది కాబట్టి ఆల్బమ్ అమ్ముడైంది.”

సగం ఒప్పుకుంటాను. సినిమా ఆడింది. అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. అది ఆల్బమ్‌కు కలిసిరాలేదంటే నేనూ ఫార్వర్డ్ రాసినట్టే అవుతుంది.

పెద్ద కంపెనీ అన్నది మాత్రం ఉత్త మాట. ఆల్బమ్ వేసింది టీవీటీ రికార్డ్స్. పూర్తి పేరు టీవీ టూన్స్. 1985లో పాత అమెరికన్ టీవీ సీరియళ్ల టైటిల్ పాటలు ఏరి ఒక ఆల్బమ్‌గా వేసి మొదలైన చిన్న కంపెనీ. సోనీ, వార్నర్ లాంటి ఏనుగుల పక్కన అది మేకపిల్ల. డబ్బు, పెద్ద పేర్లు ఉంటేనే అమ్ముడయ్యేట్టయితే సూపర్ మారియో ఆల్బమ్ అమ్ముడవ్వాలి. క్యాపిటల్ రికార్డ్స్ వేసింది. రాక్సెట్, క్వీన్, మెగాడెత్, జో సాట్రియాని, అందరూ ఉన్నారు. సినిమా బోల్తా కొట్టింది, ఆల్బమ్‌నూ వెంట తీసుకుపోయింది. 1994 చివర్లో స్ట్రీట్ ఫైటర్ వచ్చింది. సినిమా డబ్బు చేసుకుంది, పాటల్లో ఐస్ క్యూబ్, ఎమ్‌సీ హ్యామర్ అంతటివాళ్లున్నారు. ఇవాళ ఆ ఆల్బమ్‌లో ఒక్క పాట కూనిరాగం తీయగలవాణ్ని నాకు చూపించండి.

మోర్టల్ కాంబాట్ ఆల్బమ్, అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ 200 పట్టికలో పదో స్థానం దాకా ఎక్కింది. అమెరికాలో ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీలు. లోపలున్నది నున్నటి పాప్ కాదు. సగం ఇనుప రేకులు కోసే మోతలాంటి ఇండస్ట్రియల్ మెటల్, సగం డ్యాన్స్ ఫ్లోర్ల టెక్నో. రేడియోలో పొద్దున పూట వేయగలిగే పాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాన్ని పది లక్షల మంది కొన్నారంటే సినిమా టికెట్టు ఒక్కటే కారణమని నేననుకోను.

“సినిమాకు సంబంధం లేని పాటలతో క్యాసెట్ నింపారు.”

ఇక్కడ నాకు కోపం వచ్చింది. ఇది మా మామ పనికి సంబంధించిన విషయం.

పాటల్లో కొన్ని పాతవి, నిజం. ఆర్బిటల్ వాళ్ల ‘హాల్సియన్’ సినిమాకు రెండు మూడేళ్ల ముందుది. ఆ అన్నదమ్ములు దాన్ని కట్టింది వాళ్లమ్మ గురించి. ఆమె ఏళ్ల తరబడి వాడిన నిద్రమాత్ర పేరే దానికి పెట్టారు. కత్తులకూ తన్నులకూ దానికీ ఏం సంబంధమని అడగొచ్చు. సినిమా చివర చూడండి. అన్ని గుద్దులూ అయిపోయి, అందరూ అలసిపోయి ఇళ్లకు తిరిగొచ్చే చోట అది మొదలవుతుంది. ఆడ గొంతు ఒకటి, మాటలు సరిగా వినపడకుండా, దూరంగా ఎవరో జోల పాడుతున్నట్టు. అదే ఏడాది హ్యాకర్స్ అనే ఇంకో సినిమా కూడా అదే పాటను వాడుకుంది. పాట వేరేచోట పుట్టినంత మాత్రాన ఇక్కడ పరాయిది అయిపోదు. ఫియర్ ఫ్యాక్టరీ పాట సంగతీ అంతే. జానీ కేజ్, స్కార్పియన్ కొట్టుకునే చోట అది లేకుండా ఆ ఫైటును ఊహించుకోలేను. సినిమాలో లీలగా వినిపించి మాయమైపోయే పాటలూ ఉన్నాయి, కాదనను. కానీ ఆల్బమ్ అనేది సినిమాకు రసీదు కాదు కదా, ప్రతి ఐటమూ టిక్కు పెట్టుకోడానికి.

పాటలు ఏరి వరసలో పెట్టడం ఎంత పనో మామ పక్కన కూర్చున్నవాణ్ని కాబట్టి తెలుసు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. నోటుబుక్కులో ప్రతి పాటకూ ఎదురుగా నిమిషాలు, సెకన్లు రాసి ఉండేవి. చీటీలో ఉన్న వరసలో మామ ఎప్పుడూ ఎక్కించేవాడు కాదు. మొదట ఊపున్నది, రెండోది దానికంటే కొంచెం తక్కువ, నాలుగో చోట మెలోడీ, వైపు చివర చిన్న పాట. పెద్ద పాట పెడితే టేపు అయిపోయి పల్లవి మధ్యలో టక్కున తెగేది, మర్నాడు ఆ మనిషి కౌంటరు ముందు నిలబడి ఉండేవాడు. “ఒరే, పాటలు అందరి దగ్గరా ఉండాయి. వరస మన దగ్గరే ఉండాది” అనేవాడు మామ. అదే పాటల్ని ఇంకో కొట్లో ఎక్కిస్తే అంత బాగుండవని పద్మావతి హాస్టల్ అమ్మాయిలు లీలామహల్ దాకా ఉన్న కొట్లన్నీ దాటుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు.

ఈ ఆల్బమ్‌ను తయారుచేసినవాళ్లు చేసిందీ ఆ పనే, పెద్ద ఎత్తున. అంత మోత మధ్యలో ‘హాల్సియన్’ను పెట్టడం ఊరికే కుదిరిన పని కాదు. మొదట్నుంచీ చెవులు దిబ్బళ్లు వేసేట్టు వాయించి, ఒక్కసారిగా కిటికీ తెరిచినట్టు దాన్ని వదిలారు. తర్వాత మళ్లీ మోత. రెండో వైపు నేపామ్ డెత్ అనే బ్యాండు పాట మొదటిసారి వచ్చినప్పుడు మామ డెక్కు ఆపేసి, దూదికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిచాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. ఇంకోసారి తుడిచాడు. మూడోసారి గానీ ఆయనకు అర్థం కాలేదు, డెక్కు బాగానే ఉంది, పాటే అట్లా ఉంది అని. “ఏందిరా ఇది, గారె పిండి రుబ్బినట్టు” అన్నాడు. అయినా ఆ పాటను దాటేయలేదు, పూర్తిగా విన్నాడు. ఎందుకు పెట్టారో తర్వాతి పాట వస్తే తెలుస్తుందన్నాడు.

సంబంధం లేని పాటను సినిమాకు అంటించడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే మళ్లీ సూపర్ మారియో దగ్గరికే పోవాలి. అందులో రాక్సెట్ పాడిన పాట వేరే సినిమా కోసం రాసింది. అక్కడ కుదరక ఇక్కడికొచ్చింది. మెసేజ్‌లో ఈ పాయింటు అడ్రసు మారి మోర్టల్ కాంబాట్ ఇంటికి వచ్చినట్టుంది.

“గేమ్ సంగీతం సంగీతమే కాదు, మిషన్ చేసే చప్పుడు. అన్నమయ్య పుట్టిన తిరుపతిలో దీని ఊసు సిగ్గు.”

ముందు చిన్న సవరణ. అన్నమయ్య పుట్టింది రాజంపేట దగ్గరి తాళ్లపాకలో. ఇక్కడికి వచ్చాడు, పాడాడు.

మిషన్ చప్పుడు అన్నదానికి వద్దాం. 1985లో జపాన్‌లో కోజి కోండో అనే ఆయన మారియో ఆటకు ట్యూన్ కట్టాడు. ఆ ఆట ఆడే డబ్బాలో సంగీతానికి ఉన్న దారులు ఐదే. రెండు దారుల్లో పాట పలికించొచ్చు, ఒకదాంతో కింది స్వరం పట్టొచ్చు, ఒకటి ఉత్త బుస్సుమనే శబ్దం, ఇంకొకటి చిన్న చిన్న రికార్డింగు ముక్కలకు. ఒక రకంగా గోవిందరాజస్వామి గుడి ముందు మేళంలా అన్నమాట, రెండు నాదస్వరాలు, శ్రుతి, డోలు, తాళం. లెక్క అచ్చంగా కుదరదనుకోండి. ఐదుగురితోనే మాడవీధులు దద్దరిల్లేట్టు వాయించడం చేతనైనవాళ్లున్నారు, ఐదు దారులతోనే ప్రపంచం మొత్తం కూనిరాగం తీసే ట్యూన్ కట్టినవాడూ ఉన్నాడు. ఆ ట్యూన్‌ను 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రంగా దాచుకోవాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చారు. వీడియో గేమ్ సంగీతానికి ఆ జాబితాలో చోటు దక్కడం అదే మొదలు. 2025లో మైన్‌క్రాఫ్ట్ ఆట సంగీతం కూడా చేరింది. అంతకు చాలా ముందే, 2011లో, సివిలైజేషన్ 4 ఆట కోసం క్రిస్టఫర్ టిన్ కట్టిన ‘బాబా యేటు’ గ్రామీ గెలుచుకుంది. స్వాహిలీ భాషలో ప్రార్థన అది. మిషన్ చేసే చప్పుడైతే ఆ గ్రామీ ఏ మిషన్‌కు ఇచ్చారో మెసేజ్ రాసినాయన చెప్పాలి.

2023లో మారియో మీద మళ్లీ సినిమా తీసినప్పుడు బ్రయన్ టైలర్ సంగీతం చేశాడు. కోండో పాత ట్యూన్లను తీసి పెద్ద ఆర్కెస్ట్రాకు విప్పాడు. ఇదీ ఎత్తడమేనంటారా? అయితే అన్నమయ్య దగ్గరికే పోదాం, మీరు పిలిచారు కాబట్టి. తిరుమల గుడిలో హుండీ ఎదురుగా ఉన్న అరలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. మనం రోజూ వినే కీర్తనల ట్యూన్లు అన్నమయ్య నోట విన్నవి కావు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎందరో ఇరవయ్యో శతాబ్దంలో కూర్చుని కట్టినవి. ఐదు వందల ఏళ్ల నాటి మాటలకు కొత్తగా స్వరం కట్టి, రికార్డు చేసి, క్యాసెట్లుగా వేసిన ఊరు మనది. మా కొట్లో ఆ క్యాసెట్లు పై వరసలో ఉండేవి, డ్రాగన్ అట్ట కింది వరసలో. మామ ఏ వరసనూ దుమ్ము పట్టనిచ్చేవాడు కాదు.

చివర ఒక బ్రాకెట్టు కూడా తగిలించారు మెసేజ్‌కు: “ఈ కాలం పిల్లలు ఇలాంటి గేమ్ సినిమా పాటలు వినరు.” దీనికి నా దగ్గర సాక్ష్యం ఉంది. 2025లో మైన్‌క్రాఫ్ట్ సినిమా వచ్చింది. అందులో జాక్ బ్లాక్ పాడిన లావా చికెన్ పాట నిడివి 34 సెకన్లు. అమెరికా హాట్ 100 పట్టికలోకి ఎక్కిన పాటల్లో అంతకంటే పొట్టిది లేదు. మొన్న మా పెద్దక్క మనవణ్ని తీసుకుని అలిపిరి మెట్లెక్కాం. వాడు మొదటి మెట్టు నుంచి అదే. ముందు పోయేవాళ్లు గోవింద నామాలు చెప్తుంటే వీడు వెనక లావా చికెన్. గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి అక్కకు ఓపిక అయిపోయింది.

“కొండెక్కతా చికెన్ ఏందిరా? గోవిందా అను!”

“తినేది కాదవ్వా, సినిమాలోది” అన్నాడు వాడు. ఒక మెట్టుకు గోవిందా, ఒక మెట్టుకు చికెన్ చొప్పున ఒప్పందం కుదిరింది. మోకాళ్ల పర్వతం దాకా అట్లానే పోయాం.